ప్రసంగికుడి కొలతతో ప్రసంగాన్ని కొలవడం

పోర్చుగీసు గద్యాన్ని విశ్వవిద్యాలయాల పైతరగతుల్లో చదవడానికి పూనుకున్నవారు పదిహేడవ శతాబ్దపు యేసుసభ గురువు అంతోనియు వియేరా ప్రసంగాలను దాటి పోలేరు. 1608లో లిస్బన్‌లో పుట్టి, బాల్యంలోనే తల్లిదండ్రులతో బ్రెజిల్‌లోని బయీయకు చేరి, రాజుకు సలహాదారుగా, మరన్యావ్ అడవుల్లో మతప్రచారకుడిగా, కోయింబ్రాలో ఖైదీగా, రోములో పేరుపొందిన వక్తగా జీవించి, 1697లో బయీయలోనే కన్నుమూసిన ఈ మనిషి పోర్చుగీసు వాక్యానికి ఇచ్చిన బిగువూ నడకా ఆ భాషలో తరువాత రాసినవారికి ఆస్తిగా మిగిలాయి. 1934లో వెలువడిన ‘మెన్సాజెమ్’ కావ్యంలో ఫెర్నాందు పెసోవా అతడిని భాషకు చక్రవర్తిగా నిలబెట్టడం అందుకే ఎవరికీ అతిశయోక్తిగా తోచలేదు. అయితే ఈ ప్రసంగాలు గద్యశిల్పం కోసం పుట్టినవి కావు. వాటిని చెప్పినవాడు అవి దేవుని వాక్కును మనుషుల చెవికి చేరుస్తున్నాయని నమ్మి చెప్పాడు, విన్నవారు తమ ఆత్మల గతి వాటిమీద ఆధారపడి ఉందని నమ్మి విన్నారు. అందుచేత వాటిని అక్షరం అక్షరం పట్టి చదివే పాఠకుడికి సాహిత్యప్రశ్న కంటే ముందే ఒక ధర్మప్రశ్న ఎదురవుతుంది. మతవచనం చెప్పేదాన్ని పరీక్షించే అధికారం చదివేవాడికి ఎక్కడినుంచి వస్తుంది? విశ్వాసం నుంచి వస్తుందంటే విశ్వాసం లేనివాడు చదవడానికే అనర్హుడవుతాడు. తన కాలపు నీతి నుంచి వస్తుందంటే గతించిన కాలం ఎప్పుడూ బోనులోనే నిలబడవలసి వస్తుంది. ఈ రెంటికీ భిన్నంగా, వచనమే తనను పరీక్షించే కొలతను తనలో దాచుకొని ఉంటుందనీ, నిశిత పఠనమంటే ఆ కొలతను వెతికి పట్టుకొని ఆ వచనం మీదనే ప్రయోగించడమనీ చెప్పడానికి వియేరా ప్రసంగాలు బలమైన ఉదాహరణగా నిలుస్తాయి.

ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా తలెత్తే చోటు జపమాల ప్రసంగాలలో పద్నాలుగవది. 1633లో, అపొస్తలుడైన యోహాను పండుగ రోజున, బయీయ ప్రాంతంలోని ఒక ఎంజెన్యులో, అంటే చెరకు గానుగా పాకం కాచే బాణలులూ ఉన్న తోటలో, ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల జపమాల సహోదరసంఘం ఎదుట వియేరా ఈ ప్రసంగం చేశాడు. అప్పటికి అతడి వయసు ఇరవై అయిదేళ్లు. గురుపట్టం ఇంకా అందలేదు, అది మరుసటి సంవత్సరం చివర అందింది. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో మరియమ్మ యేసును కన్నదని చెప్పే వాక్యాన్ని ఎత్తుకొని, ఆమె నుంచి మూడు జన్మలు కలిగాయని అతడు నిరూపించబోతాడు. మొదటిది యేసు జన్మ. రెండవది సిలువ పాదాల చెంత ఆమెకు కుమారుడిగా అప్పగింపబడిన యోహాను జన్మ. మూడవది, ప్రసంగమంతటికీ గుండెకాయ వంటిది, ఎదురుగా కూర్చున్న నల్లవారి జన్మ. తోటలో చాకిరీ చేసేవారు దేవమాతకు బిడ్డలనీ, కాబట్టి క్రీస్తుకు తోబుట్టువులనీ చెప్పడం ఆ చోట, ఆ కాలంలో మామూలు మాట కాదు.

ఈ నిరూపణకు వియేరా వాడిన సాధనాన్ని పోర్చుగీసు సాహిత్య చరిత్రకారులు ప్రసంగోచితమైన ‘కొన్సెయితు’ అంటారు. లేఖనంలోని ఒక పదానికో, ఒక శీర్షికకో, ఒక పేరుకో ఎదుట ఉన్న సందర్భంతో ఎవరూ ఊహించని పొందిక చూపి, ఆ పొందికనే ప్రమాణంగా నిలిపే యుక్తికి అది పేరు. లాటిన్ వుల్గేటు బైబిలులో మూడు కీర్తనలకు మాత్రమే ‘గానుగల కొరకు’ అనే శీర్షిక ఉంది. వాటిలో ఒకటి కోరహు కుమారులది. కోరహు అనే పేరును కల్వరి కొండతో ముడిపెట్టే పాత వ్యాఖ్యానం ఒకటి ఉన్నందున, కల్వరి బిడ్డలు గానుగల దగ్గర పాడే పాట అన్న అర్థం సిద్ధమై, దావీదు కాలపు శీర్షిక బయీయ చెరకు గానుగ దగ్గర నిలబడినవారి కోసమే రాసినట్టుగా వినిపించడం మొదలవుతుంది. ఐతియోపీయుల ప్రస్తావన ఉన్న మరొక కీర్తన ఆ మూడవ జన్మకు సాక్ష్యంగా వస్తుంది. గానుగను శ్రమకూ సంఘానికీ సంకేతంగా చదివే పద్ధతి అగస్తీను వ్యాఖ్యలలోనే ఉంది గనుక దీన్ని వియేరా చేసిన స్వేచ్ఛాకల్పన అని తోసిపుచ్చలేరు.

ఈ పద్ధతిని ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో ఆధునిక పండితులు ఒక దారిలో లేరు. అంతోనియు జొజే సరాయివా 1980లో వెలువరించిన ‘ఓ దిష్కుర్సు ఎంజెన్యోజు’ అనే గ్రంథంలో, వియేరా వాదం పదాలనే వస్తువులుగా భావించి, వాటి మధ్య ఉండే పొందికల బలంతో ముందుకు సాగుతుందని విశ్లేషించాడు. బ్రెజిల్ పండితుడు అల్సీర్ పేకోరా 1994 నాటి ‘తియాత్రు దు సక్రమెంతు’లో, ఆ పొందికలు కేవలం మాటల ఆట కాదనీ, సృష్టిలోనూ చరిత్రలోనూ దేవుడు దివ్యసంస్కారంలో వలె మరుగున ఉన్నాడన్న వేదాంతం లేకుండా వియేరా అలంకారశాస్త్రానికి పునాదే ఉండదనీ వాదించాడు. వీరిలో పేకోరా చెప్పినదే ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒక వక్త తాను నమ్మిన దానిని పక్కన పెట్టి అతడి నైపుణ్యాన్ని మాత్రమే మెచ్చుకోవడం అతడి మాటను సగమే వినడమవుతుంది. అయితే ఆ వాదాన్ని అంగీకరించిన పాఠకుడి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. పొందికలు నిజంగా దేవుని సంకల్పాన్ని వెల్లడిస్తాయని వక్త అంటున్నప్పుడు, అతడు చూపిన పొందిక ఎక్కడ ఆగిందో, అక్కడే ఎందుకు ఆగిందో అడగడం పాఠకుడి పని అవుతుంది.

ముందుగా పాఠం సంగతి తేల్చుకోవాలి. 1633లో చెరకు తోటలో వినిపించిన మాటలు ఈనాటి పాఠకుడి చేతిలో లేవు. వియేరా తన ప్రసంగాలను వృద్ధాప్యంలో సవరించి అచ్చుకు సిద్ధం చేశాడు. మొదటి సంపుటి 1679లో వచ్చింది, జపమాల ప్రసంగాలు ‘మరియ రోజ మిస్తిక’ అనే పేరుతో 1686లోనూ 1688లోనూ రెండు భాగాలుగా వెలువడ్డాయి. అంటే పద్నాలుగవ ప్రసంగానికి కర్త ఇరవై అయిదేళ్ల యువకుడే కాదు, డెబ్బై ఎనిమిదేళ్ల వృద్ధుడు కూడా. ఏ వాక్యం ఏ వయసుదో విడదీయడానికి ఆధారం లేదు గనుక, యౌవనపు అనుభవరాహిత్యమని కొన్ని మాటలను మన్నించే వీలు పాఠకుడికి ఉండదు: యాభై ఏళ్ల తరువాత వాటిని మళ్ళీ చదివి, ఉండనిచ్చినవాడు అతడే. శ్రోతల విషయం మరింత జటిలమైనది. బానిసలను ‘మీరు’ అని సంబోధించిన ప్రసంగం అచ్చు పుస్తకమయ్యాక చదవగలిగినవారి చేతికి, అంటే చాలావరకు యజమానుల వర్గానికీ గురువులకూ చేరింది. ఒకరితో చెప్పిన ఓదార్పు మాటను మరొకరు పక్కనుంచి వింటున్న స్థితి అది. మొదటి శ్రోతలలో ఎందరికి ఆ పోర్చుగీసు అర్థమైందన్నదీ సందేహమే. 1697లో, వియేరా మరణించిన ఏడే, పేద్రు దీయస్ అనే మరో యేసుసభ గురువు అంగోలా భాషకు వ్యాకరణం రాసి లిస్బన్‌లో అచ్చు వేయించి, దాన్ని జపమాల మాతకే అంకితం చేశాడంటే, బయీయలో బానిసల మధ్య పనిచేసే గురువులకు ఆ భాష ఎంత అవసరమైందో ఊహించవచ్చు.

కొలత విషయానికి వస్తే, వియేరా దాన్ని తన గ్రంథావళి గుమ్మంలోనే పెట్టాడు. 1679 నాటి మొదటి సంపుటిలో మొదటి ప్రసంగం ‘సెక్సజేసిమ’ ప్రసంగం; తపస్కాలానికి ముందు వచ్చే ఒక ఆదివారానికి ఆ పేరు. 1655లో లిస్బన్ రాజమందిరపు దేవాలయంలో చెప్పిన ఈ ప్రసంగం విత్తువాని ఉపమానం ఆధారంగా, ఇంతమంది ఇన్ని ప్రసంగాలు చేస్తున్నా దేవుని వాక్కు ఎందుకు ఫలించడం లేదని అడుగుతుంది. లోపం దేవునిదా, వినేవారిదా, చెప్పేవారిదా అని విచారించి, మొదటి ఇద్దరినీ తప్పించి, నింద మొత్తం ప్రసంగికుల మీదనే మోపుతుంది. వక్త జీవితం, శైలి, విషయం, పాండిత్యం, గొంతు అన్నీ పరిశీలించాక అసలు కారణంగా అతడు చెప్పినది ఇది: ప్రసంగికులు దేవుని మాటలను పలుకుతున్నారు గాని, దేవుడు ఆ మాటలతో చెప్పదలచినదాన్ని పలకడం లేదు. దీనికి అతడు తెచ్చిన దృష్టాంతం భయంకరమైనది. అరణ్యంలో క్రీస్తును శోధించిన సాతాను కూడా కీర్తనల గ్రంథాన్నే ఉదహరించాడు. దారిలో నడిచేవాణ్ణి దూతలు కాపాడతారన్న మాటను గోపురం మీదనుంచి దూకేవాడికి అన్వయించాడు. వాక్యం దైవికం, అన్వయం పైశాచికం. లేఖనాన్ని ఉదహరించినంత మాత్రాన ప్రసంగం దైవవాక్కు కాదనీ, మాట ఎవరిదైనా తాత్పర్యాన్ని తప్పించినవాడు శోధకుడి వరుసలో నిలబడతాడనీ దీని సారం. తన ప్రసంగాలన్నిటికీ ముందు ఈ పరీక్షను నిలిపినవాడు, తన పాఠకుడికి పరీక్షించే హక్కును స్వయంగా ఇచ్చినట్టే.

అయితే నిశితంగా చదవడం దానంతట అదే పుణ్యకార్యమేమీ కాదు, ఈ సంగతి కూడా వియేరా జీవితమే చెబుతుంది. 1659లో అమెజాను ప్రాంతం నుంచి అతడు రాసిన ఒక లేఖలో, పదహారవ శతాబ్దంలో త్రంకోజు అనే ఊళ్ళో చెప్పులు కుట్టిన బందార్రా పాడిన పద్యాల ఆధారంగా, 1656లో చనిపోయిన నాలుగవ జువావ్ రాజు తిరిగి లేచి క్రీస్తు రాజ్యానికి తోడ్పడతాడని వాదించాడు. మతవిచారణ న్యాయస్థానం, అంటే విశ్వాసంలో దోషాలను వెతికి శిక్షించే చర్చి న్యాయస్థానం, ఆ లేఖను అతి జాగ్రత్తగా చదివింది. అందులోనుంచి విడివిడి ప్రతిపాదనలను ఏరి, ఒక్కొక్కదానికీ దోషస్థాయి నిర్ణయించి, అతడిని కోయింబ్రాలో 1665 నుంచి 1667 దాకా నిర్బంధించి, ప్రసంగించకూడదని తీర్పు చెప్పింది. ఆ నిషేధం మరుసటి ఏడాది తొలగింది. ఆ విచారణాధికారుల శ్రద్ధలో లోటు లేదు. వారికి లేనిది, వాక్యం ఎవరితో, దేనికోసం, ఏ మొత్తంలో భాగంగా చెప్పబడిందో చూసే ఓర్పు. పద్నాలుగవ ప్రసంగంలోనుంచి నాలుగు వాక్యాలు ఏరి వియేరాను దోషిగా నిలబెట్టడం ఈనాడు తేలికే. అలా చేసే విద్యార్థి, ఉద్దేశం ఎంత మంచిదైనా, ఆ అధికారుల పద్ధతినే అనుసరించినవాడవుతాడు.

మొత్తాన్ని చూసే పద్ధతికి భారతీయ సంప్రదాయంలో మంచి ఉపకరణం ఉంది. గ్రంథ తాత్పర్యాన్ని నిర్ణయించడానికి మీమాంసకులు ఉపక్రమోపసంహారాల ఏకత, పునరుక్తి, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అనే ఆరు లక్షణాలు చెప్పారు. అంతకంటే మౌలికంగా, ఫలానాది చేయమని ఆజ్ఞాపించే ‘విధి’కీ, వేరేచోట తెలిసినదాన్నే మళ్ళీ చెప్పే ‘అనువాదా’నికీ మధ్య గీత గీశారు. ఈ గీతను పద్నాలుగవ ప్రసంగం మీద పెట్టి చూస్తే దాని నిర్మాణం స్పష్టమవుతుంది. వియేరా సిలువ శ్రమలనూ గానుగ శ్రమలనూ అంశం అంశంగా పక్కపక్కన పెడతాడు: నిద్రలేమి, ఆకలి, సంకెళ్లు, కొరడాదెబ్బలు, గాయాలు, అవమానించే పేర్లు. జపమాలలోని సంతోష దేవరహస్యాలు యజమానులకూ, దుఃఖ దేవరహస్యాలు బానిసలకూ చెందుతాయని విభజిస్తాడు. ఆ విభజన చేసే వాక్యంలోనే, యజమానులని పిలిపించుకొనేవారు నిజానికి మిమ్మల్ని సోదరులుగా చూడవలసినవారు అన్న భావం ఒక ఉపవాక్యంగా దూరుతుంది. చదివేవాడు ఆగి ఊపిరి తీసుకోవలసిన చోటు అది. ప్రసంగంలోని అత్యున్నత సత్యం అక్కడ ఉంది, కాని అది విధి రూపంలో లేదు. సోదరులుగా చూడండి అని ఎవరికీ ఆజ్ఞ లేదు. అందరూ ఎరిగిన సంగతిగా, అనువాదంగా, ప్రధానవాక్యం నీడలో అది నిలిచిపోయింది. ప్రసంగంలో విధి అంటూ ఉన్నది బానిసలకే: ఓర్చుకోండి, జపమాల చెప్పుకోండి, తల్లిదండ్రుల దేశం నుంచి మిమ్మల్ని ఇక్కడికి చేర్చి రక్షణమార్గం చూపినందుకు కృతజ్ఞతలు చెల్లించండి.

వియేరా కొలతను ఇప్పుడు ప్రయోగించాలి. క్రైస్తవ వేదాంతంలో సిలువ శ్రమకు రెండు ముఖాలున్నాయి. శ్రమపడినవాడు దానిని తానుగా స్వీకరించాడు, అందుకే అది రక్షణకు హేతువు. శ్రమపెట్టినవారు పాపం చేశారు, వారి పాపం ఆ రక్షణఫలంతో రద్దయిపోలేదు. గానుగ దగ్గరి మనిషిని క్రీస్తుతో పోల్చినవాడు, పోలికను చివరిదాకా నడిపితే, కొరడా పట్టినవాడిని క్రీస్తును కొట్టినవారితో పోల్చక తప్పదు. సంకెళ్ల దగ్గర, ఆకలి దగ్గర అంత నిష్కర్షగా సాగిన సామ్యం ఆ మనిషి దగ్గరికి వచ్చేసరికి అదే నిష్కర్షతో సాగదు. స్వేచ్ఛగా స్వీకరించడమన్న షరతు కూడా, పట్టి తెచ్చి అమ్మబడినవారి విషయంలో, విచారణ లేకుండానే దాటిపోతుంది. దేవుని మాటలు అక్కడ ఉన్నాయి. వాటి తాత్పర్యంలో సగం అక్కడ లేదు. 1655లో రాజమందిరంలో అతడు ఎత్తిచూపిన లోపం ఇటువంటిదే.

ఆ సగాన్ని పలకడం అతడికి చేతకాకపోలేదు. 1653లో మరన్యావ్‌లోని సావ్ లూయిస్ పట్టణంలో, తపస్కాలపు మొదటి ఆదివారం, అదే శోధన ఘట్టాన్ని తీసుకొని, అక్కడి ఆదివాసులైన ఇండియన్లను అన్యాయంగా చెరపట్టిన వలసదారుల ముఖం మీదనే వారు మరణపాపంలో ఉన్నారని చెప్పాడు. క్రీస్తుకు లోకరాజ్యాలన్నీ ఇవ్వజూపిన సాతానుకు ఇక్కడి ఆత్మలు ఒకరిద్దరు ఇండియన్ల వెలకే దొరుకుతున్నాయన్నాడు. ఐగుప్తు తెగుళ్లను గుర్తుచేశాడు. అక్కడ విధి యజమానులకే, విడిచిపెట్టండి అని. ఆ పట్టుదలకు ఫలితంగా 1661లో వలసదారులు యేసుసభ వారిని మరన్యావ్ నుంచి వెళ్ళగొట్టారు. ఆఫ్రికన్ల విషయంలో ఆ స్వరం వినిపించకపోవడానికి కారణాలు చరిత్రకారులు చెప్పారు. ఆఫ్రికాలో ‘న్యాయయుద్ధం’లో పట్టుబడినవారిని కొనడం చెల్లుతుందన్న న్యాయశాస్త్ర వాదం ఒకటి. బ్రెజిల్ ఆర్థికం చెరకు మీద నిలిచి ఉండటం, యేసుసభ కళాశాలలకే తోటలూ బానిసలూ ఉండటం మరొకటి. అల్ఫ్రేదు బోజి 1992 నాటి ‘దియలేతిక ద కొలొనిజసావ్’లో ఈ వైరుధ్యాన్ని వియేరా ఆలోచనలోని లోతైన చీలికగా చూశాడు. కారణాలు తెలిస్తే కాలం మనిషిని అలా మలిచిందని సరిపెట్టుకొనే వాదం వినిపిస్తుంది, అది వినదగిన వాదమే. ఎవరూ తమ కాలానికి వెలుపల నిలబడి మాట్లాడలేదు.

కాని ఆ వాదాన్ని కూడా పాఠాల ఎదుటే పెట్టి చూడాలి. 1688లో అచ్చయిన జపమాల ప్రసంగాలలో ఇరవై ఏడవది, బానిసల శరీరం మాత్రమే చెరలో ఉందనీ ఆత్మ స్వతంత్రమనీ ఓదారుస్తూనే, ఈ మనుషులూ ఆదాము అవ్వల సంతానం కారా, ఒకే క్రీస్తు రక్తంతో విమోచింపబడలేదా అని ప్రశ్నలమీద ప్రశ్నలు గుప్పిస్తుంది. మూడేళ్ల తరువాత, 1691లో, పారిపోయిన బానిసలు అడవుల్లో నెలకొల్పుకొన్న పల్మారిస్ గురించి, అక్కడికి గురువులను పంపవచ్చా అన్న విషయంపై వియేరా ఒక రాజోద్యోగికి లేఖ రాశాడు. యజమానుల సేవకు తిరిగి రానంతకాలం వారు నిరంతర పాపంలో ఉన్నట్టేననీ, వారికి పాపవిమోచనం ఇవ్వడం కుదరదనీ అందులో అన్నాడు. ఆ వెంటనే, పనిచేయగల మార్గం ఒకటే ఉందన్నాడు: రాజూ యజమానులూ వారికి తమంతట తాముగా స్వేచ్ఛ ఇచ్చి, స్వతంత్రులైన ఇండియన్ల వలెనే ఆ స్థలాల్లో ఉండనిచ్చి, గురువులను వారికి కాపరులుగా పంపడం. ఇలా చెప్పి, ఆ స్వేచ్ఛే బ్రెజిల్‌కు సర్వనాశనమవుతుందనీ, అది చూసి ప్రతి పట్టణమూ ప్రతి చెరకు తోటా మరో పల్మారిస్ అవుతుందనీ కారణం చూపి, ఆ మార్గాన్ని తానే మూసివేశాడు. ప్రసంగాలను విడిగా ప్రసంగాల తరగతిలోనూ, లేఖలను విడిగా చరిత్ర తరగతిలోనూ చదివేవారికి ఈ రెండూ ఎదురుపడవు. పక్కపక్కన పెట్టి చదివినప్పుడు మాత్రం, స్వేచ్ఛ అనే పరిష్కారం ఆ కాలానికి తట్టలేదన్న మాట వియేరా విషయంలో నిలవదు. అతడికి అది తట్టింది, పనిచేసే మార్గం అదొక్కటేనని రాసింది అతడి చెయ్యే, దాన్ని వద్దనడానికి ఆ లేఖలో అతడు ఆశ్రయించిన హేతువు మాత్రం వలసరాజ్యం నిలవాలన్నదే.